భాగీరథి తిట్లు, బస్వరాజ్ ఎమ్మే

నలభై ఆరేండ్ల మనిషికి ఎమ్మే ఎందుకయ్యా అంటే బస్వరాజ్‌కు మస్తు కోపమొస్తది. జహీరాబాద్ బజార్ల గిన్నెల దుకాణం ఉన్నది, గిరాకీ బాగనే ఉన్నది, బిడ్డ నందిని పెండ్లయి బీదర్ల ఉన్నది. హాయిగ దుకాణంల కూసొని చాయ తాగక, పోయి పోయి హైదరాబాద్ యూనివర్సిటీల భాషాశాస్త్రంల చేరిండు. మొదటి దినం క్లాసుకు పోతే, పిల్లలు ఈయననే సార్ అనుకొని లేచి నిలబడ్డరట.

అసలు ముచ్చట పాతదే. డిగ్రీ కాంగనే నాయిన దుకాణంల కూసోబెట్టిండు, సదువు మీది ఆశ మాత్రం పోలే. కర్ణాటక సరిహద్దు మీది న్యాల్‌కల్ దిక్కునుంచి వచ్చినోళ్లు కన్నడంల బేరం మొదలువెట్టి తెలుగులకు దిగితే, ఈయన గిన్నె ధర మరిచి వాళ్ల మాటలే వినుకుంట కూసుంటడు. గసొంటి వ్యాపారి మరి.

ఆఖరు ఏడు పరిశోధన రాయాలన్నరు. సరిహద్దు ఇండ్లల్ల కోపమొస్తే మనిషి ఏ భాషలకెల్లి ఏ భాషలకు పోతడన్నది బస్వరాజ్ ఎంచుకున్న సంగతి. సరుకు ఇంట్లనే ఉన్నదని ఆయన ధీమా. ఆయన భార్య భాగీరథి తిట్టుడు షురూ చేస్తే పుట్టింటి కన్నడంల అందుకొని, పాత తప్పులన్నీ తెలుగుల తవ్వి, ఉర్దూల ఖతం చేస్తది. గల్లీ అంతటికీ ఎరికే.

ఆ పరిశోధన చూసే గిరీశ్ సార్ వయసుల చిన్నోడే గని మాట ఖచ్చితం. “సోమవారం రికార్డింగు తేవాలె, లేకుంటే ఈ ఏడు పరీక్ష రాయలేరు. దొంగచాటుగ మాత్రం చెయ్యొద్దు, మాట్లాడేటోళ్లకు తెలిసే ఉండాలె” అన్నడు.

ఆదివారం పొద్దుగాల బస్వరాజ్ భార్యకు అంతా చెప్పి, వంటింట్ల ఫోన్ పెట్టి రికార్డింగు ఆన్ చేసిండు. భాగీరథి కొంగు సర్దుకున్నది. మెడ నిక్కించి, టీవీల వార్తలు చదివినట్టు, “మా ఇంటాయన మిక్కిలి ఓర్పు గలవారు. మేము ఎన్నడూ కలహించుకోము” అన్నది.

ఆ ఇంట్ల అంత పెద్ద అబద్ధం అంతకుముందు ఎవ్వరూ ఆడలే.

కోపం తెప్పిద్దామని బస్వరాజ్ తడి తువ్వాల పరుపు మీద పడేసిండు. చెప్పులేసుకొని వంటింట్లకు వచ్చిండు. ఆఖరికి, తన అక్క చేసే పప్పుకు సాటి లేదన్నడు. ఇంకొకనాడైతే ఆ ఒక్క మాటకు గల్లీ జమయ్యేది. “పరవాలేదండీ” అని నవ్వింది భాగీరథి. ఆ నవ్వుకు ఆయనకు చెమట పట్టింది.

పొద్దుగూకింది. బస్వరాజ్ రికార్డింగు బంద్ చేసి, ఫోన్ నేల మీద పెట్టి, వంటింటి గోడకు ఒరిగి కూసున్నడు. “నాతోని కాదు భాగీరథీ. రేపు పోయి పేరు తీసేపిచ్చుకుంట. గిన్నెలే అమ్ముకుంట.” ఉత్తగ అనలే, నిజంగనే ఆయన పాణం ఉసూరుమన్నది.

జొన్నరొట్టె కొడుతున్న చెయ్యి ఆగింది. పిండి చేతులతోనే లేచొచ్చింది భాగీరథి. ముందుగాల కన్నడంల ఆయన తెలివితేటలన్నీ ఏకిపెట్టింది. ఆ తర్వాత తెలుగులకు దిగింది.

“రెండేండ్ల సంది దుకాణంల నిలబడి కాళ్లు వాసినయి, ఎవరి కోసం? నా తమ్ముని పెండ్లికి పరీక్షలున్నయని రాకపోతివి, ఒక్క మాటన్ననా? ముసలోనికి సదువేందని అందరు నవ్వుతుంటే, మా ఆయన పాసయి చూపిస్తడు చూడున్రి అని చెప్పుకుంట తిరిగిన. ఇప్పుడు పేరు తీసేసుకొని నా ఇజ్జత్ తీస్తవా?”

బస్వరాజ్ తల వంచుకొని వింటున్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆమె తన కోసం గింత మోసిందని ఆయనకు ఇప్పటిదాక తెల్వదు. ఫోన్ సంగతి యాదికి గూడ లేదు.

భాగీరథి దమ్ము తీసుకున్నది. నేల మీది ఫోన్ దిక్కు చూసింది.

“బంద్ ఉన్నదా అది?”

“ఉన్నది.”

“ఆన్ చెయ్యి. నేనింక సగం గూడ అనలే.”