మా ఆడపడుచు కళ్ళద్దాలు తీసేసిన సంవత్సరం

మొన్న మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, లేజర్‌తో కళ్ళు బాగుచేయించుకున్నానని, పావుగంట కూడా పట్టలేదని, అప్పుడే ఆఫీసు పని మొదలుపెట్టేశానని గడగడా చెప్పుకుపోతుంటే, సంతోషించాల్సిందిపోయి, చీకటి పడ్డాక దీపాలు ఎలా కనిపిస్తున్నాయే అని అడిగాను. అదేం ప్రశ్న అత్తా అని నవ్వేసింది. ఆ వైద్యం పేరెత్తితే నాకు ఇప్పటికీ ముందు అనుమానమే పుడుతుంది. ఎందుకో నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మాది జగ్గయ్యపేట, మా వారిది మిర్చి వ్యాపారం. ఆయన చెల్లెలు, అంటే మా ఆడపడుచు, మా ఇంటి నుంచే రోజూ బస్సులో వెళ్ళి నందిగామలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పేది. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకు సోడాసీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు. నిద్ర లేస్తూనే తలగడ పక్కన తడుముకోవడం, వాన పడితే పైటకొంగుతో తుడుచుకుంటూ నిలబడిపోవడం. విజయవాడలో లేజర్ వైద్యం వచ్చిందని విని చేయించుకుంటానంది. బాగున్న కళ్ళను కాల్పించుకుంటావా అని మా అత్తగారు ససేమిరా అన్నారు. అయినా పంతం పట్టి నెగ్గించుకుంది.

తోడు నేనే వెళ్ళాను. ఆ ఆసుపత్రి నాకు మొదట్లోనే నచ్చలేదు. గోడల నిండా కళ్ళద్దాలు విసిరేస్తున్న అమ్మాయిల ఫొటోలు, ఏది అడిగినా ఏం కాదండీ అని ఒకటే జవాబు. ఏమీ కాకుండా జరిగే వైద్యం ఎక్కడైనా ఉంటుందా అని లోపల పీకుతూనే ఉంది. మర్నాడు కళ్ళ మీది మూతలు తీశాక, అవతలి వీధిలోని బట్టల కొట్టు బోర్డు కూడబలుక్కోకుండా చదివేసి ఆ పిల్ల ఏడ్చేసింది. ఆమెను చూసి నాకూ కళ్ళ నీళ్ళు తిరిగాయి గాని, అనుమానం మాత్రం వదల్లేదు.

కొన్ని నెలలు గడిచి, పెందలాడే పొద్దుగూకే చలికాలం వచ్చేసరికి, సాయంత్రం క్లాసులున్న రోజుల్లో ఇంటికి రావడం మానేసింది. పేపర్లు దిద్దాలని ఒకసారి, బస్సు తప్పిపోయిందని ఒకసారి, తోటి లెక్చరర్ ఇంట్లో ఉండిపోతున్నానని ఫోన్ చేసేది. మా అత్తగారి మనసు ఇంకో దారిన పోయింది. పెళ్ళికాని పిల్ల, అక్కడ ఎవడో ఉన్నాడు, ఉద్యోగం మాన్పించెయ్యమని కొడుకు ప్రాణం తోడేసేవారు. మా వారు కూడా చివరికి సరేనన్నారు. నా అనుమానం వేరు. పొద్దుగూకాక పెరట్లోకి వెళ్ళకపోవడం, ట్యూబ్‌లైట్ వైపు చూసి కళ్ళు చిట్లించడం, మాటిమాటికీ కంట్లో చుక్కలు వేసుకోవడం నేను గమనిస్తూనే ఉన్నాను. అడిగితే బ్రహ్మాండంగా కనిపిస్తోందనేది. అంత గట్టిగా చెప్పడమే నాకు తేడాగా తోచేది.

ఒక ఆదివారం ఇద్దరం వేదాద్రి నరసింహస్వామి దర్శనం చేసుకుని వస్తుంటే చీకటి పడింది. ఆటో మమ్మల్ని చిల్లకల్లు దగ్గర హైవేకి ఇవతల దింపేసింది. రోడ్డు దాటితే జగ్గయ్యపేట బస్సు. లారీ ఎక్కడో దూరాన ఉంది, పదమంటే కదలదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కో లైటూ చామంతి పువ్వులా విచ్చుకుపోతోంది వదినా. అది దగ్గరుందో దూరముందో తెలియట్లా," అంది.

"ఎప్పటినించే?"

"మొదట్నించీ. అమ్మతో అనమాక. అంత పోట్లాడి చేయించుకున్నా, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆ వారంలోనే మళ్ళీ విజయవాడ వెళ్ళాం. చార్టు చివరి వరుసదాకా చదివించి, ఆపరేషన్ సక్సెస్ అమ్మా అన్నారు డాక్టరుగారు. పగలు చదివిందండి, చీకట్లో రోడ్డు దాటలేకపోతోంది అన్నాను. అప్పుడు గదిలో లైటు తీయించి మళ్ళీ చూశారు. ఈమెకు చీకట్లో కంటిపాప బాగా పెద్దదవుతుందని, పవర్ కూడా ఎక్కువ గనక ఇలా అవుతుంటుందని, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందని, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేనని అన్నారు. ఈ ముక్క ముందే ఎందుకు చెప్పలేదండీ అంటే, చెబితే భయపడతారమ్మా అన్నారు. నా అనుమానం నిజమైనందుకు నాకేమీ సంతోషం కలగలేదు.

ఇంటికి రాగానే నువ్వే చెప్పు, లేకపోతే నీ ఉద్యోగం పోతుంది అన్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అత్తగారి ముందు కూర్చుని అంతా చెప్పింది. ఆవిడ చేట పక్కన పెట్టి కూతురి మొహంలోకి చూశారు.

"కళ్ళేనా? ఇంకేం లేదుగా?" అన్నారు.

లేదంటే, మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుని, సాయంత్రం క్లాసుల రోజున అన్నయ్య స్కూటరేసుకుని వచ్చి తీసుకొస్తాడులే అన్నారు. ఉద్యోగం మాన్పించే మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ వెలుగుపూలు చాలావరకు సన్నబడ్డాయి. పూర్తిగా పోలేదు, కళ్ళు పొడారడం కూడా అలాగే ఉండిపోయింది. చేయించుకున్నందుకు బాధగా ఉందా అని అడిగాను. "పొద్దున్నే కళ్ళు తెరవగానే కిటికీలో ఆకాశం కనిపిస్తంది వదినా. మళ్ళీ చేయించుకోమన్నా చేయించుకుంటా. కాకపోతే అన్నీ అడిగి చేయించుకుంటా," అంది.

ఇప్పుడు అత్తగారు లేరు. మంచీ చెడ్డా డాక్టర్లే ముందు విడమరిచి చెబుతున్నారట, మిగతావి పిల్లలు ఫోన్లో చూసుకుంటున్నారు, మంచిదే. ఆ రోజుల్లో మాత్రం ఇంట్లో ఒకరి మీద ఒకరికి ఎంత నిఘా ఉండేదో. ఎవరు ఏ గదిలో లైటు తీసేశారో, ఎవరు అన్నం సగంలో లేచారో అందరికీ తెలిసిపోయేది, దాంతో మాకు ప్రాణం విసిగిపోయేది. ఈ మధ్య కొన్ని నెలలుగా నాకు ఎడమకన్ను మసకేసి, కాఫీ కప్పులో పోయబోయి వంటగట్టు మీద పోస్తున్నాను. కొడుకూ కోడలూ ఇంట్లోనే ఉంటారు, మంచివాళ్ళు. గట్టు తుడిచి వెళ్తారు. ఎవరికీ అనుమానం రాలేదు.