నీలమెక్కిన కత్తి

ఆయన్ని అందరూ ముక్కోపి అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. అన్నగారి క్షౌరశాల వెనక, రెండు మంచాలు పట్టని గదిలో కూర్చుని పాత గడ్డం కత్తులు బాగుచేయడం ఆయన పని. తాతల నాటి మడత కత్తులు, పెట్టె అడుగున పడి తుప్పు పట్టినవి, కీలు వదులైనవి, కొమ్ము పిడి పగిలినవి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. తెచ్చినవాళ్ళు ముందు తిట్లు తినేవాళ్ళు, ఆ తర్వాతే కత్తి ఆయన చేతిలో పడేది. "తడి తుడవకుండా మడిచిపెట్టావా? అన్నం తిన్నాక చెయ్యయినా కడుక్కుంటావా?" అని ఎంత పెద్దమనిషినైనా దులిపేసేవాడు.

తిట్టడం ఎంత గట్టిదో పనీ అంత గట్టిది. తుప్పును నూనెగుడ్డతో, సన్నటి గరుకు కాగితంతో రోజుల తరబడి చేత్తోనే తీసేవాడు. ఆ తర్వాత నీళ్ళు చిలకరిస్తూ మూడు సానరాళ్ళ మీద నూరేవాడు. తలవెంట్రుక ఒకటి పట్టుకుని అంచుకు తాకిస్తే చప్పుడు లేకుండా తెగాలి. తెగకపోతే పని మళ్ళీ మొదటికి.

మోటారు చక్రం పేరెత్తితే మాత్రం తాడెత్తున లేచేవాడు. పక్కనే పాత్రలకు మెరుగుపెట్టే కొట్టుంది. అక్కడి చక్రం మీద పెడితే కత్తి అరనిమిషంలో తళతళలాడుతుంది, కానీ ఆ వేడికి అంచు నీలం తిరుగుతుంది. నీలమెక్కిన ఉక్కు చచ్చిన ఉక్కే. దానికి ఎంత నూరినా పదును నిలవదు. అలా కాల్చుకొచ్చిన కత్తిని "శవానికి తలంటమని నా దగ్గరకు తెచ్చావా?" అంటూ ఒకసారి వీధిలోకి విసిరేశాడు కూడా.

అన్న నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. తండ్రి ఇద్దరికీ పని పంచి పోయాడు, పెద్దవాడికి కుర్చీ, చిన్నవాడికి సాన. తండ్రి వాడిన కత్తితోనే అన్న నలభై ఏళ్ళుగా గడ్డాలు గీస్తున్నాడు. ఊరంతా వాడి పారేసే బ్లేళ్ళకు మారిపోయినా ఆయన మారలేదు. నాన్న కత్తి తప్ప ఇంకోటి ముట్టననీ, అది లేని రోజు క్రాపులతో సరిపెట్టుకుంటాననీ వచ్చినవాళ్ళందరితో చెప్పేవాడు. ఆ కత్తి ప్రతి సాయంత్రం వెనక గదికి వచ్చేది, పొద్దున్నే పదునుతో ముందుగదికి వెళ్ళేది. ఆ ఒక్కదాన్ని అందుకునేటప్పుడు మాత్రం ముక్కోపి ఎవర్నీ తిట్టేవాడు కాదు.

అలాంటి కత్తి ఒకే నెలలో ముగ్గురిని కోసింది. మొదటి రెండూ చిన్న గీతలే. మూడోది బడి మాస్టారి దవడ కింద పడింది. ఇంకో రెండు వేళ్ళు కిందికి దిగితే గొంతే. తువ్వాలు ఎర్రబడుతుంటే అన్న తడబడి, నలుగురి ముందూ, "తమ్ముడు సరిగ్గా నూరలేదు మాస్టారూ. ఈమధ్య వాడి ధ్యాస పని మీద ఉండట్లేదు" అన్నాడు.

వెనక గదిలోంచి అది విన్న ముక్కోపికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క అంగలో వచ్చి కత్తి లాక్కున్నాడు. అందరూ చూస్తుండగా తన తల్లోంచే వెంట్రుక పీకి అంచుకు తాకించాడు. అది తెగి కింద పడింది. "ఆడలేక మద్దెల ఓడన్నదట" అని అన్న మొహం మీదే అరిచాడు. "మద్దెల సంగతి తర్వాత నాయనా, ముందు ఆ పటికముక్క ఇటివ్వు" అన్నాడు మాస్టారు, దవడ నొక్కిపట్టుకుని.

రెండు రోజులు అన్నదమ్ములకు మాటల్లేవు. కత్తి మాత్రం ఎప్పటిలాగే వెళ్ళేది, వచ్చేది. సోమవారం సెలవు. ఆ రోజు కుర్చీ పక్క కొక్కేనికి వేలాడే తోలుపట్టీని దించి ముక్కోపి బాగుచేయాలి. గడ్డం గీసే ముందు అన్న కత్తిని నాలుగుసార్లు లాగేది దాని మీదే. దానికి నీళ్ళు తగలనివ్వకూడదు, నూనె కూడా ఏడాదికోసారే. నెలకోసారి అరచేత్తో తోలు వెచ్చబడేదాకా రుద్దాలి, అంతే. అలా రుద్దుతుంటే అరచేతికి ఏదో గరుగ్గా తగిలింది. వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. పట్టీ రెండు చివర్లా సన్నటి గాట్లు, లెక్కపెడితే పదకొండు.

తోలు మీద కత్తిని లాగాక, చివర్లో దాన్ని మొద్దువైపున, వెన్ను మీద తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది. పని మొదలుపెట్టిన మొదటి వారంలో తండ్రి మొట్టికాయతో నేర్పే సంగతి అది. నలభై ఏళ్ళ పనివాడు అది తప్పాడంటే, తెలియక కాదు, చెయ్యి మాట వినక. ముక్కోపికి ముందు కలిగింది జాలి కాదు, సంతోషం. తన తప్పు లేదని రుజువు దొరికింది. పట్టీ చేతబట్టుకుని మేడ మీదికి, వదిన దగ్గరకు రెండేసి మెట్లెక్కాడు.

వదిన కూరలు తరుగుతోంది. పట్టీ వంక చూడనైనా చూడలేదు.

"నాకు తెలుసు. ఏడాదిగా మీ అన్నయ్యకి గ్లాసు సగమే నింపి ఇస్తున్నాను. ఆ వణుకు తగ్గేది కాదని డాక్టరు చెప్పేశాడు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నారు. 'నా చెయ్యి పోయిందని తెలిస్తే వాడి మొహం ఎలా చూడను' అని ఒకటే గోల."

"అందుకని నలుగుర్లో నా మొహం మాడ్చొచ్చా?"

"నీ కోపం సాయంత్రానికి పోతుంది. ఆయన పరువు పోతే మళ్ళీ రాదు."

"రేపు ఎవడి గొంతో తెగితే?"

వదిన కత్తిపీట మడిచి పక్కకు నెట్టేసింది.

ఆ రోజంతా ముక్కోపి ఉడికిపోయాడు. దాచినందుకు అన్న మీద, దాచడానికి తోడైనందుకు వదిన మీద, మళ్ళీ రేపు వచ్చి అదే కుర్చీలో తల వాల్చబోయే జనం మీద మండిపడ్డాడు. పని నేర్పి, పని మానడం నేర్పకుండా పోయిన తండ్రినీ వదల్లేదు. అన్నతో నిజం చెప్పేస్తే రెండు ముక్కల్లో తేలిపోతుంది. కానీ ఆ రెండు ముక్కలు చెప్పాక అన్న తన ముందు ఎలా తలవంచుకుంటాడో ఆయనకు కళ్ళకు కట్టింది. అది తలుచుకుంటే కోపం రెట్టింపయ్యింది.

మర్నాడు పొద్దున్నే తండ్రి కత్తి తీసుకుని పాత్రల కొట్టుకు వెళ్ళాడు. చక్రం విరగ్గొట్టడానికి వచ్చాడేమోనని కొట్టువాడు లేచి నిలబడ్డాడు. ముక్కోపి మోటారు వేయమన్నాడు. అంచును చక్రానికి గట్టిగా అదిమిపట్టాడు. ఉక్కు ముందు పసుపు తిరిగింది, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత అంచు పొడుగునా నీలం పాకింది. అంతసేపూ నోటికొచ్చిన బూతులన్నీ తిడుతూనే ఉన్నాడు. చక్రాన్ని తిడుతున్నాడనుకున్నాడు కొట్టువాడు. ఆయన తిట్టింది అన్నని. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటి మీదా కోపమొచ్చింది.

కత్తి తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. అప్పటికే ఇద్దరు గడ్డాలకు కూర్చుని ఉన్నారు.

"చక్రం మీద పెట్టాను. కాలిపోయింది."

అన్న కత్తినీ, తమ్ముణ్నీ మార్చి మార్చి చూశాడు. "చక్రం దగ్గరకు నువ్వెందుకెళ్ళావు?"

"తొందరగా అవుతుందని."

పుట్టి బుద్ధెరిగాక అన్న గొంతు పెంచడం ముక్కోపి అదే మొదటిసారి వినడం. "నాన్న నీకెందుకు నేర్పాడురా ఈ పని? ఆ చేతులుంటే ఎంత, లేకపోతే ఎంత?" అంటూ కేకలేశాడు. పనికిమాలినవాడన్నాడు, తండ్రిని రెండోసారి చంపావన్నాడు. ఒక మాటకు పది మాటలు అప్పజెప్పే ముక్కోపి పళ్ళు బిగపట్టి, పిడికిళ్ళు బిగించి, మొత్తం విన్నాడు. ఆ రోజు నుంచి అన్న గడ్డాలు మానేశాడు. మిషనుతో క్రాపులే.

కబురు ఊరంతా పాకింది. తండ్రి కత్తినే తగలబెట్టినవాడు మన కత్తిని మిగులుస్తాడా అంటూ ఒక్కొక్కరే వచ్చి తమవి అడిగి పట్టుకెళ్ళారు. చివరికి మాస్టారూ వచ్చాడు. దవడ కింద ప్లాస్టరు ఇంకా ఊడలేదు.

"ఏమీ అనుకోకు నాయనా. నాదీ మా నాన్న కత్తే. నీ చేతిలో ఉంచాలంటే భయంగా ఉంది."

ముక్కోపి ఆ ప్లాస్టరు వంకే చూశాడు. ఒక్క మాట చాలు, తప్పు ఎవరిదో తేలిపోతుంది. ముందుగదిలో మిషను ఆగింది. అన్న వింటున్నాడు.

"తీసుకెళ్ళండి మాస్టారూ. పాడైపోయింది నా చెయ్యి, నాదే!" అని ముందుగదికి వినబడేలా అరిచాడు. ఎంత కోపంగా అరిచాడంటే, తననే తిడుతున్నాడనుకుని మాస్టారు కత్తి పుచ్చుకుని గబగబా వీధిలోకి దిగిపోయాడు.