యాదగిరి సార్ అమ్మని వాకీటాకీలు

మంగళవారం పొద్దున యాదగిరి సార్ కూతురు ఫోన్ చేసి, నాన్నగారు గుండెపోటుతో పోయారని చెప్పింది. నేనప్పుడు చిక్కడపల్లిలో ఆయన దగ్గరికి వెళ్ళడానికే బస్సు కోసం నిలబడి ఉన్నాను. సంచిలో ఆయనకు చూపించాల్సిన రెండు వాకీటాకీలు ఉన్నాయి. ఇలాంటప్పుడు దిగ్భ్రాంతి అని రాయడం మర్యాద. నిజం చెప్పాలంటే నాకు ముందు కలిగింది నీరసం. బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

పోలీసు వైర్‌లెస్ విభాగంలో ఉద్యోగ విరమణ చేశాక సార్ నారాయణగూడ సందులో చిన్న మరమ్మతు దుకాణం పెట్టుకున్నారు. నేను బడిపంతులమ్మను. సెలవుల్లో ఎనిమిది పది మందిని వెంటబెట్టుకుని నల్లమలలో నడకకు తీసుకెళ్తుంటాను. అక్కడ సెల్‌ఫోన్ పనిచేయదు. ముందున్నవాళ్ళకూ వెనకబడ్డవాళ్ళకూ మధ్య వాకీటాకీ ఒక్కటే ఆధారం. అది కొనడానికి వెళ్ళిన నన్ను సార్ ధర సంగతి ఎత్తకుండా, "మీల అందరికన్న మెల్లగ నడిచేదెవరమ్మా?" అని అడిగారు. తర్వాత చేతులు తడుపుకోమన్నారు. కళ్ళు మూసుకుని సెట్టు మీది బటన్ వెతకమన్నారు. నాకు దొరకలేదు. వానలో, చీకట్లో నాకు పనికిరాదని ఆ సెట్టును తిరిగి అరలో పెట్టేశారు.

అమ్మడం కన్నా అమ్మకపోవడంలోనే ఆయన ప్రజ్ఞ కనిపించేది. అశోక్ నగర్ నుంచి వచ్చిన ఒకాయన పాటలొచ్చేది, టార్చి ఉన్నది కావాలని పట్టుబట్టాడు. "పాటలకైతే రేడియో కొనుక్కో అన్నా. ఇది మనిషి ఆపదల మాట్లాడేది" అని పంపించేశారు. ఆయన ముక్కోపం వల్ల దుకాణం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

రెండేళ్ళ కిందట నేనూ ఆయన మాట వినలేదు. తేలికగా, ముచ్చటగా ఉన్న సెట్లు చూపించి, "డబ్బా మీద పది కిలోమీటర్లని ఉంది సార్" అన్నాను.

"అది మైదానానికి రాసిండ్రు. నువ్వు పొయ్యేది గుట్టలల్ల. బ్యాటరీ గూడ విప్పరాదు, చార్జింగ్ అయిపోతే ఏం జేస్తవ్? వద్దమ్మా."

వేరేచోట కొన్నాను. నడకలో రెండో రోజు మా బృందంలోని భాగ్య, బర్కత్‌పురలో ఉండే నర్సు, కాలు బెణికి గుట్ట అవతల వెనకబడింది. ఆమె సెట్టులోంచి నా పేరు సగం వినిపించింది, అంతే. చార్జింగ్ అయిపోయి బ్యాటరీ చచ్చిపోయింది. మధ్యాహ్నం నుంచి వెతికితే పొద్దు వాలే వేళకు వాగు ఒడ్డున కనిపించింది. మూగబోయిన సెట్టు బటన్ అప్పటికీ నొక్కుతూనే ఉంది.

తలవంచుకుని సార్‌కు ఇదంతా చెప్పాను. తిడతారనుకున్నాను. "ఆ బిడ్డ మంచిగుందా?" అని అడిగి, "తప్పు నాది గూడ ఉన్నది. వద్దన్న గని, నీకు సమజయ్యేదాక చెప్పలే" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వెంటనే దుకాణం మూసి, అలాంటి సెట్టే నా చేతికిచ్చి అడిక్‌మెట్ దాకా నడవమన్నారు. ఆయన మేడ మీద నిలబడి, "ఇప్పుడేడున్నవ్?" అని పదేపదే అడిగారు. బాగ్ లింగంపల్లి దాటేసరికి ఆయన మాట ముక్కలుగా వినిపించింది. అడిక్‌మెట్‌లో గరగర తప్ప ఏమీ లేదు. ఎండలో కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చిన నాతో, "గిప్పుడు సదువు, డబ్బా మీద ఏమున్నదో" అన్నారు. అంతటి నిష్ఠగల గురువును నేను మళ్ళీ చూడలేదు.

ఈ నెలాఖరుకు అడవికి అనుమతి వచ్చింది. ఏ సెట్లు తీసుకుంటున్నామని అందరూ అడుగుతున్నారు. సార్‌కు చూపిద్దామని తెచ్చిన ఆ రెండింటినీ ఆయన నేర్పినట్టే పరీక్షించాను. బాగానే ఉన్నట్టున్నాయి. రెండేళ్ళ కిందట ఆ సెట్లు కొన్న రోజూ నాకు అలాగే అనిపించింది. యంత్రాల సంగతి ఇంకెవరైనా చెప్పగలరేమో. తానెన్నడూ చూడని మనిషి క్షేమం కోసం ఎదుటివాళ్ళ కోపానికి సిద్ధపడే ఆ ధర్మబుద్ధిని ఎక్కడ వెతకను? ఆ మహనీయుడికి నా కన్నీటి నమస్సులు.

నడక మానేద్దామని నిన్న అందరికీ చెప్పేశాను. సాయంత్రం భాగ్య ఇంటికొచ్చింది.

"నేనొస్త అక్కా. నాకైతే భయం లేదు" అంది.

"నాకున్నది" అన్నాను.