నాలుగుంపావా, ఐదుంపావా

మా మామ పోయాడన్న సంగతి నాకు ముద్దనూరు బడిలో, ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్తుండగా తెలిసింది. కలమల్ల కరెంటు ప్లాంటులో డ్యూటీలో ఉన్న మా ఆయన ఫోన్ చేసి "నాయన లేడు" అన్నాడు. ఎవరి నాయన అని అడిగాను. అట్లాంటప్పుడు మనిషికి బుద్ధి పనిచెయ్యదు. ప్రొద్దుటూరులో మా ఇంటి వెనకున్న షెడ్డులో టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకొని అట్లే ఉండిపోయాడంట. ఇంకో గుక్క పోద్దామని పోయిన అత్త చూసింది.

ఆయన్ను మీలో కొందరు ఎరిగే ఉంటారు. పేరు చెప్తే గుర్తుపట్టరు గానీ "జీపు మామ" అంటే చాలు. నాకు మాత్రం నిజంగానే మామ, మా ఆయన తండ్రి. జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల మధ్య ఎంతో కాలం జీపులో జనాన్ని చేరవేశాడు. పది మంది పట్టే బండిలో ఇరవై మంది కూర్చున్నాక కూడా దారిలో ఏ ముసలమ్మో చెయ్యెత్తితే ఆపేవాడు. "బండికి నిండడమనేది ఉండదు పాపా, ఎక్కేవాళ్ళు ఎక్కుతానే ఉంటారు" అనేవాడు. ఒకసారి పులివెందుల దారిలో కనుమ ఎక్కుతుంటే నిండు జీపు ఎత్తు మధ్యలో ఆగిపోయి వెనక్కి జారిందంట. జనం దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు ఎక్కిన భయం మాత్రం ఆయన ఒంట్లోంచి మళ్ళీ దిగలేదు.

అంత భయస్తుణ్ణి నేను చూడలేదు. తాళం వేసి వీధి చివరిదాకా పోయి, వెనక్కొచ్చి తాళం లాగి చూసి, మళ్ళీ పోయేవాడు. నేను బడికి బస్సెక్కేటప్పుడు నాతోపాటు స్టాండుకు వచ్చి, వంగి బస్సు టైర్లు చూసేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. కండక్టరు ఎగతాళి చేసేవాడు: "ఏంది జీపు మామా, టైర్లు కొంటావా?"

"కొనేది కాదప్పా, ఈ పక్కది గాలి తక్కువుండాది. మా పాప ఎక్కుతాండాది, చెప్పు మీ డ్రైవరుకు."

ఇట్లాంటి మనిషి కోడలికి పందెం కారు కట్టిచ్చాడంటే ఎవరు నమ్ముతారు? నేను అడిగాను, ఆయన కట్టాడు, అంతే. నాకు వేగమంటే ఇష్టం. పుట్టింట్లో ట్రాక్టరు తోలినదాన్ని. పెళ్ళై వచ్చేసరికి మామ పాత జీపు షెడ్డులో తుప్పు పడుతూ ఉంది. "పాపా, తోల్తావా?" అని ఒక్కసారి అడిగాడు పాపం, తర్వాత నేను వదల్లేదు. జీపు చట్రం కురచ చేసి, కారు ఇంజను పెట్టి, రేకుతో ఇద్దరు పట్టే ఒళ్ళు కట్టాడు. ఆయన దాన్ని స్పోర్ట్స్ కారు అనేవాడు. మా అత్త తొట్టి అనేది. "ఆ తొట్టిలో కూర్చోబెట్టి దీన్ని యాడికి పంపుతాండావు?" అని ఇద్దర్నీ కలిపి తిట్టేది.

ఆటోక్రాస్ అంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు. ఖాళీ మైదానంలో కోన్లు, టైర్లు పెట్టి మెలికల దారి గీస్తారు. ఒక్కొక్క కారే పోవాలి. పోటీ గడియారంతో. కోను తగిలితే సెకన్లు కలుపుతారు. నా వంతు వచ్చినప్పుడల్లా మామ బానెట్టు మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసేవాడు. "ప్రభువా, పోయినంత దూరమూ తిరిగొచ్చేటట్టు చెయ్యి." అంతకంటే ఎక్కువ ఏనాడూ అడగలేదు. గెలిపించమని కూడా అడగవేమని నేను దెప్పేదాన్ని. నేను బయలుదేరగానే ఆయన మైదానానికి వీపు తిప్పి నిలబడేవాడు. "చూస్తే భయమైతాది పాపా. వింటే చాలు, తెలుస్తాది" అనేవాడు.

ఇక మా ఇద్దరికీ వచ్చిన తగువు. కారు వెనక ఇరుసు మధ్యలో ఒక ఇనప గుండు ఉంటుంది. పుస్తకాల్లో డిఫరెన్షియల్ అంటారు, షెడ్లలో హౌసింగ్ అంటారు. దాంట్లో చిన్న పళ్ళచక్రం ఒకటి పెద్దదాన్ని తిప్పుతుంది; ఆ రెండూ కలిపి ఒక జత. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే వెనక చక్రాలు ఒక చుట్టు తిరుగుతాయన్నదే లెక్క. ఐదుంపావు చుట్ల జత వేస్తే బండికి లాగుడు ఎక్కువ, పరుగు తక్కువ. నాలుగుంపావు వేస్తే పరుగు ఎక్కువ, లాగుడు తక్కువ. రెండు గుణాలూ ఒక్కదాంట్లోనే కావాలంటే దొరకవు, అల్లుళ్ళ విషయంలో లాగే. మా షెడ్డులో రెండు జతలూ ఉండేవి. మామ ఎప్పుడూ ఐదుంపావే వేసేవాడు. నేను నాలుగుంపావు అడిగినప్పుడల్లా ఒకటే మాట: "పరుగు ఎవుడైనా ఇస్తాడు పాపా. లోడు మీద లాగుడుండల్ల బండికి." లోడు మోసిన మనిషి కదా, ఆ అలవాటు పోలేదు అనుకొని ఊరుకునేదాన్ని.

పోయిన నెల పులివెందుల పక్కన మైదానంలో పోటీ జరిగింది. దారి చివర ఒక పొడుగాటి తిన్నని బాట, దాని కొసన గట్టి మలుపు. ఐదుంపావు జతతో రెండో గేరు ఆ బాట సగంలోనే అయిపోయింది. ఇంజను గొంతు చించుకుంటోంది. మూడో గేరుకు పోయి, మలుపు దగ్గర మళ్ళీ రెండోదానికి రావాలి. ఆ తొందరలో క్లచ్చు ఒక్కసారిగా వదిలాను. వెనక చక్రాలు పట్టేసినట్టయ్యి కారు తోక తిరిగింది. తాడు అవతల జనం నిలబడి ఉన్నారు. చంకలో బిడ్డ ఉన్న ఒక ఆడమనిషి నోరు తెరిచి నావైపే చూడడం ఇప్పటికీ కళ్ళ ముందుంది. తాడుకు ఇవతలే కారు ఆగింది. దుమ్ము అణిగాక చూస్తే మామ పరుగెత్తుకొస్తున్నాడు, ఒక కాలికే చెప్పు ఉంది.

వచ్చే దారిలో ముద్దనూరు స్టేషను దగ్గర టీకి ఆగాం. నేనే మొదలుపెట్టాను.

"మామా, జత మార్చల్ల. నాలుగుంపావు ఉంటే రెండో గేరులోనే ఆ కొసదాకా పోదును. నడిమధ్యలో గేరు మార్చే పనే ఉండేది కాదు."

"మారిస్తే ఇంకా జోరుగా పోతావు."

"పోవల్లనే గదా చేస్తాండేది!"

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. "పాపా, లాగుడు కోసరం కాదు నేను ఆ జత ఏసింది. బండి ఒక మట్టు దాటి ఉరకగూడదని ఏసినా."

నాకు కోపం నషాళానికంటింది. "ఇన్నాళ్ళూ లోడు, లోడు అంటివే! ఖాళీ తొట్టిలో లోడు యాడుండాది మామా?"

"లోడంటే నువ్వే గదా పాపా" అన్నాడు.

పక్క బల్ల దగ్గర వాళ్ళు మావైపు తిరిగి చూశారు. ఆయనే మళ్ళీ అన్నాడు: "నువ్వు తిరిగిపోయింది ఆ జత వల్లనే, నాకు తెలుసు. ఇంజను అరిసేది ఇంటాండా గదా. నిన్ను కాపాడుకుందామని ఏసినదే నిన్ను చంపబోయె." మళ్ళీ తనకు తానే ఎదురు చెప్పుకున్నాడు: "అయినా ముందర పోటీ జమ్మలమడుగులో గదా, ఆడ నేల నల్లరేగడి. రెండు చినుకులు పడితే నాలుగుంపావు లాగుతాదో లేదో. రెండిట్లోనూ భయమే. ఏది తక్కువ భయమో చూడల్ల."

జమ్మలమడుగు పోటీకి అప్పటికి ఇంకా సమయముంది. ఆ వారమంతా ఆయన షెడ్డులోనే ఉన్నాడు. హౌసింగు విప్పాడు, కడిగాడు. బడి నుంచి వచ్చి ఏది వేస్తున్నావని అడిగితే, "ఆలోచన చేస్తాండా. అయినాక చెప్తా పో" అనేవాడు. అన్నం దగ్గర కూడా ఆయన కళ్ళు ఎక్కడో ఉండేవి. ఆయన నోటితో చెప్పకముందే నాకు ఫోన్ వచ్చింది.

జమ్మలమడుగులో, వాళ్ళ పెద్దల పక్కనే ఆయన్ను పెట్టి వచ్చాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, పాస్టరుగారు వాక్యం చదువుతుంటే కూడా నా మనసులో ఏ జత వేశాడోనన్న ప్రశ్నే తిరిగింది. ఐదుంపావే మళ్ళీ వేసి ఉంటే, ఆయన నన్ను నమ్మకుండా, నాకేమవుతుందోనన్న బెంగతోనే పోయినట్టు. అది తట్టుకోలేను. ఆయన నాకు కన్నతండ్రి కంటే ఎక్కువ అని చెప్పను, మా నాన్న నొచ్చుకుంటాడు. కానీ నా ఇష్టం చూసి భయపడుతూ కూడా దానికి చక్రాలు బిగించి ఇచ్చిన మనిషి ఆయనొక్కడే.

ఆదరణ కూడిక ప్రార్థనలు అయ్యి, బంధువులు వెళ్ళాక షెడ్డు తెరిచాను. కారు వెనక భాగం స్టాండ్ల మీద లేచి ఉంది. హౌసింగు మూసేసి ఉంది, ఆయిలు కూడా పోశాడు. రెండో జత కోసం గోనెలు, డబ్బాలు అన్నీ వెతికాను. లేదు.

"గోనెపట్టలో ఏదో బరువుది సుట్టి పాత ఇనుము బండికి ఏసినాడు, పోయే ముందురోజు" అంది అత్త. "ఏదో నాకేం తెలుసు? ఇంగ ఇది ఇంట్లో వద్దు అన్నాడు, అంతే."

విప్పకుండా తెలుసుకునే దారి ఒకటుంది. షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీశాను, ఒక వెనక చక్రం మీద పైభాగాన ఇంకో గీత. చక్రాలు రెండూ కలిపి ఒకేవైపు తిప్పాలి, ఒకటే తిప్పితే లెక్క తప్పుతుంది. ఒకదాని దగ్గర మా ఆయన కూర్చున్నాడు. గీత ఉన్నదాని దగ్గర, ఎవరూ పిలవకుండానే, అత్త చీర కుచ్చెళ్ళు దోపుకొని కూర్చుంది. నేను కారు కిందికి దూరి షాఫ్టు మీద గీతనే చూస్తున్నాను.

"ఒకటి" అన్నాను. "రెండు."

"నిదానంగా తిప్పు నాయనా" అని అత్త కొడుకును కసిరింది.

"మూడు. అత్తా, గీత యాడుండాది?"

"పైకెక్కుతాండాది. ఇంకా రాలే."

"నాలుగు." ఐదుంపావు అయితే చక్రం మీది గీత ఇంకా చాలా దూరంలో ఉండాలి. "కొంచెం, కొంచెమే తిప్పండి."

"వచ్చె" అంది అత్త. "పైకొచ్చె పాపా. ఆగల్లనా?"

షాఫ్టు మీద గీత నాలుగు చుట్లు దాటి పావు దగ్గర ఉంది.

"ఏది?" అన్నాడు మా ఆయన అవతల నుంచి.

"నాలుగుంపావు" అన్నాను. నేనడిగిందే వేశాడు. వేసి, మళ్ళీ మనసు మారకుండా రెండోదాన్ని ఇంట్లోంచే పంపేశాడు. సంతోషం రావాలి కదా, కారు కింద పడుకున్నదాన్ని లేవలేకపోయాను. నా తరఫున భయపడడానికి ఒక మనిషి ఉన్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ ధైర్యవంతురాలిలా చెలామణీ అయ్యాను. జమ్మలమడుగు పోటీ వచ్చే ఆదివారమే. ఇక నా భయం నేనే పడాలి.

"ఇది జోరుగా పోయేదేనా?" అని అడిగింది అత్త.

"అవునత్తా."

మా ఆయన అవతలి చక్రం వదిలేసి చేతులు తుడుచుకున్నాడు. అత్త మాత్రం తన చక్రాన్ని వదల్లేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకొని అక్కడే కూర్చుంది.