స్పీడక్క షాపులో సీటు వేట

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. నెట్ షాపు నడిపే మనిషి, పేజీ తెరుచుకునేలోగా బల్ల మీద వేళ్ళతో దరువేసే మనిషి. అందుకే స్పీడక్క అయింది. పేరు ఊరికే రాలేదు లెండి. షాపుకున్నది ఒక్క బక్క లైను. పేజీ ముక్కలు ముక్కలుగా వస్తుందని, ఒకేసారి ఎన్ని కనెక్షన్లతో ఆ ముక్కల్ని లాగాలో బ్రౌజర్ లోపల ఒక అంకె ఉంటుందని ఆవిడ ఎక్కడో చదివింది. సెట్టింగుల్లోకి దూరి ఆ అంకెను కాస్త పెంచింది. ఇంకేముంది! బొమ్మలన్నీ టపటపా వచ్చి పడ్డాయి. ఆ రోజు ఆవిడ సంబరం చూడాలి, కుర్చీలో కూర్చుంటే ఒట్టు.

ఇప్పుడు ఆ విద్యకు అసలు పరీక్ష వచ్చింది. తల్లి పోయినప్పటి నుంచి తన చేతుల మీద పెరిగిన చెల్లెలు నెట్‌లో నర్సింగు సీటు ఎంచుకునే రోజు. ఈ ఊరి కాలేజీలో మిగిలినవి కొద్ది సీట్లే. ఎవరు ముందు నొక్కితే వాళ్ళవి. అవి పోతే పిల్ల ఎక్కడో దూరాన హాస్టల్లో ఉండాలి. ఆ మాట తలుచుకుంటేనే అక్కకు ముద్ద దిగడం లేదు.

పొద్దున్నే షాపులోని కంప్యూటర్లన్నీ ఆన్ చేసింది. అన్నింట్లోనూ ఆ అంకెను ఎంత పెరిగితే అంత పెంచింది. అన్నింట్లోనూ చెల్లెలు సీటు ఎంచుకునే పేజీనే తెరిచి పెట్టింది.

“ఏదో ఒకదాంట్లో తగలకపోదు. చూడవే, ఇక రాకెట్టే!”

వేళ కాగానే అక్క ఒక్కో కుర్చీ దగ్గరికీ పరుగెత్తి నొక్కింది. అన్ని తెరల మీదా ఒకటే మాట వచ్చింది. మీ వైపు నుంచి తాకిడి ఎక్కువగా ఉంది, కాసేపాగి రండి.

“కాసేపా! ఈలోగా ఊరంతా నొక్కేస్తుంది!” అక్క మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

చెల్లెలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. “ఆగక్కా, ఆగు! షాపంతటికీ ఒక్క లైనే కదా. ఇన్ని మెషీన్లు, ఇన్నిన్ని కనెక్షన్లు. ఆ సైటు వాళ్ళకి ఇవన్నీ ఒక్క మనిషిలాగే కనిపిస్తాయి. వంద చేతులతో తలుపు బాదుతుంటే గడియ పెట్టుకోరా?”

“నా బుర్ర తగలెయ్య! ఇప్పుడెలాగే?”

“అన్నీ ఆపెయ్. ఒక్కటి చాలు. దాంట్లో పాత అంకే పెట్టు.”

అంత ముచ్చటపడి పెంచుకున్న అంకెను దించాలంటే అక్కకు ప్రాణం ఉసూరుమంది. అయినా దించింది. మిగతా మెషీన్ల ప్లగ్గులు పీకేసింది. ప్రింటు కోసం వచ్చిన రిటైర్డ్ మాస్టారు గుమ్మంలోంచే, “నెట్ ఉందా అమ్మా?” అన్నాడు.

“ఉంది మాస్టారూ, మా చెల్లికి మాత్రమే ఉంది. కూర్చోండి!”

ఆయన నవ్వుతూ బెంచీ మీద కూలబడ్డాడు.

అక్కాచెల్లెళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఏమీ నొక్కకుండా కూర్చోవడమంటే అక్కకు నరకం. కాసేపటికి చెల్లెలు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నొక్కింది. పేజీ వచ్చింది! ఈ ఊరి కాలేజీ పేరు ఎదుట ఇంకా ఖాళీ ఉంది!

“నొక్కు, నొక్కు, నొక్కవే!”

నొక్కింది. సీటు ఖాయమైందని వచ్చింది.

షాపు కప్పు ఎగిరిపోయేలా అరిచింది అక్క. చెల్లెల్ని ఎత్తి గిర్రున తిప్పింది, నవ్వింది, ఏడ్చింది. మాస్టారికి సంగతేమిటో తెలియకపోయినా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం ఇంట్లో అక్క రెండు కంచాలు పెట్టింది. రోజూ పెట్టేవే. చెల్లెలి చదువు సాగే నాలుగేళ్ళూ రెండు కంచాలే పెడుతుందన్న సంగతి అప్పుడు తలకెక్కి, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.