నర్సింహులు తయారుచేసిన పుస్తకం

మా బావమరిది నర్సింహులు గుండె ఆగి మరణించాడన్న వార్తను అతని భార్య సుజాత కల్వకుర్తి నుంచి ఫోన్‌లో చెప్పింది. ఏడుస్తూనే ఆమె ఇంకో మాట అడిగింది. "అన్నా, కంప్యూటర్ల ఆట ఇంక నడుస్తనే ఉంది. ఏం జెయ్యాలె?"

"తీగ పీకెయ్ అమ్మా."

"సగంల ఆపితె ఆయనకు నచ్చదన్నా."

నేనే వెళ్లి పీకాను. ఇంట్లో శవం, బల్ల మీద కంప్యూటర్‌లో తనంతట తాను నడుస్తున్న చదరంగం. నాకు కన్నీటికంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

అతని కంఠం గురించి మన భజన మండలి సభ్యులకు చెప్పనవసరం లేదు. గ్రంథం తెరవకుండా అధ్యాయాలు పారాయణం చేసేవాడు. మనం ఒక పాదం మింగితే కళ్లు మూసుకునే ఆగి, మనల్ని వెనక్కి తీసుకొచ్చేవాడు. "ముందుగాల నోటికి రావాలె, అర్థం ఎన్క వస్తది" అని పిల్లలకు చెప్పేవాడు. నా తర్వాత మండలిని అతని చేతుల్లో పెట్టాలనుకున్నాను.

అలాంటివాడు తన జిరాక్స్ దుకాణం వెనక గదిలో చదరంగం యంత్రాలను పరీక్షించడానికి కూర్చున్నాడు. ఎక్కడెక్కడి వాళ్లో సరదాకు తయారుచేసే ప్రోగ్రాములవి, ఇంజిన్లంటారట. రెండింటిని పోటీకి దింపి, ఏది ఎక్కడ తప్పిందో చేసినవాళ్లకు తెలిపేవాడు. శనివారం భజనకు రావడం మానేశాడు. ఎందుకని అడిగితే, "పుస్తకం తయారు చేస్తున్న బావా, జర ఓపిక పట్టు" అన్నాడు.

మన మండలిలో పుస్తకమంటే ఏమిటి? వ్యాఖ్యానం రాస్తున్నాడనుకున్నాను. వార్షికోత్సవంలో ఆవిష్కరణ అని ప్రకటించాను, శాలువా తెచ్చాను, అచ్చంపేట నుంచి పెద్దలను పిలిచాను. సభలో నర్సింహులు సంచిలోంచి ల్యాప్‌టాప్ తీశాడు.

"గిదే బావా. ఆట మొదట్ల ఏ ఎత్తుకు ఏ ఎత్తు వెయ్యాల్నో మిషిన్‌కు ముందే నేర్పెతందుకు. ఓపెనింగ్ బుక్ అంటరు."

"అయితె హారతి గుర్రానికియ్యాల్నా, ఏనుక్కియ్యాల్నా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. సభంతా నవ్వింది. అతనూ నవ్వాడు. శాలువా నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు దుకాణానికి వెళ్లి, "దేవుడిచ్చిన ధారణను మిషిన్ల పాలు చేస్తున్నవ్" అన్నాను. అతను తల ఎత్తలేదు.

"ఒక్క ఆటతోని ఎవలు గట్టోళ్లో చెప్పలేం బావా. గదే మొదలుతోని మల్లొకసారి ఆడిపిస్త, తెల్లవి నల్లవి మార్చి. గప్పుడె న్యాయం. నువ్వు గూడ ఒక్కసారి నా దిక్కు కూసొని సూడు." కుర్చీ జరిపాడు.

నేను కూర్చోలేదు. భగవన్నామానికీ బొమ్మల ఆటకూ మధ్య దిక్కులు మార్చుకునేదేముంది? నా జవాబు అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. అతను మళ్లీ భజనకు రాలేదు.

పదకొండో రోజు అతని ఇంట్లో పారాయణం చేశాం. నడుమ ఒక పాదం మింగాం. అలవాటు కొద్దీ అందరం ఆగాం. సరిదిద్దే కంఠం లేదు. ఎక్కడ తప్పామో నాకూ తెలియక గ్రంథం తెరిచి వెతికాను. ఆ కంఠం మండలిది, దాన్ని మనకు కాకుండా చేసి పోయాడు. దాని జాగాలో నిలబెట్టడానికి నాకు మనిషి కనబడడం లేదు.

స్వామి అతన్ని తన సన్నిధిలో కూర్చోబెట్టుకోవాలని ప్రార్థిస్తున్నాను. ఏ దిక్కున కూర్చుంటావని మాత్రం అతన్ని అడగవద్దని స్వామికి మనవి.