పాతర లోపలి వెచ్చదనం

పత్తికొండ పక్క పల్లెల్లో జొన్నలు దాచే పాతర తవ్వాలంటే సోమన్నే రావాలి. నేలలో నిలువెత్తుకు మించి గొయ్యి తవ్వడం ఇంకొందరికీ చేతనవును. తవ్వాక అందులో ఊరికే కూర్చోవడం మాత్రం సోమన్నకొక్కడికే చెల్లింది. ముందు దీపం దించి గాలి మంచిదని చూసుకునేవాడు. తర్వాత దిగి, గోడకు చెంప ఆనించి కూర్చునేవాడు. పుష్యమాసంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఎందుకుంటుందని అతని పీకులాట.

"భూమి మారేది లేదప్పా, పైన మనమే మారేది," అని ఒకనాడు తేల్చేశాడు. ఊరంతా నవ్వింది. పక్కింటివాణ్ణైన నేనూ నవ్వాను. నా తెలివి అంతవరకే.

పంతొమ్మిది వందల యాభై ఆరు వేసవిలో అతని కూతురు పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. మిద్దె ఎండకు కాలిపోతోంది. అయినా బాలింత మంచం కింద కుంపటి తీయడానికి సోమన్న భార్య ఓబులమ్మ ఒప్పుకోలేదు. ఆచారం సగం, భయం సగం. ఆమె తొలి బిడ్డ చలికాలంలో పుట్టి, వణికి వణికి ఒళ్ళోనే పోయాడు. ఇప్పుడు మనవరాలు ఒళ్ళు కాలిపోతూ పాలు మానేసింది.

సోమన్న గడ్డపార అందుకున్నాడు. దొడ్లో ఒక పక్క కూలి, గింజలకు పనికిరాక వదిలేసిన పాతర ఉంది. కూలిన వైపు నుంచి లోపలికి మెట్లు చెక్కాడు.

"పసిదాన్ని గుంతలో పెడ్తావా? సలి తగిలి సస్తాది!" ఓబులమ్మ అడ్డం నిలబడింది.

"సలికాలంలో నేను కంబళి తీసేసేది ఈడనే కదమ్మే! అప్పుడెంత వెచ్చన ఉండాదో ఇప్పుడూ అంతే. దిగి చూడు."

దిగింది. గోడ తడిమి చూసింది. పైకొచ్చి కుంపటి ఆర్పేసింది.

తల్లీబిడ్డలను మెల్లగా దించాం. పొద్దు వాలేసరికి పసిది రొమ్ము పట్టింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఓబులమ్మ మాత్రం మళ్ళీ గోడ మీద వేసిన చెయ్యి తీయలేదు.

"సలికాలంలో ఇది వెచ్చగుంటాదని నీకెప్పట్నుంచి తెలుసు?" అని మొగుణ్ణి అడిగింది.

"మన పెండ్లి కాకముందు నుంచే," అన్నాడు సోమన్న హుషారుగా.

"మరి మన పెద్దోడు వణుకుతాంటే ఏంటికి చెప్పల్యా?"

సోమన్న మొహంలో నవ్వు పోయింది.

"తోచల్యా," అన్నాడు.